వానకాలము మారినది, పాఠశాల మారవలదా?

పిల్లలకు తెలియనిదానిని నేర్పవలయును. పెద్దలకు తెలిసినదానినే వేఱొక వెలుగున చూపవలయును. ఈ రెండింటికిని గల భేదమును గ్రహింపక వయోజన విద్యకు పూనుకొన్నచో జరుగునది యేమి? ముప్పది యేండ్లు మడక పట్టిన రైతును బల్లమీద కూర్చుండబెట్టి, నిన్న కళాశాల వెడలిన యువకుడొకడు వాననుగూర్చి యుపన్యసించును. రైతు వినును, తల యూపును, ఇచ్చిన తేనీరు త్రాగును, ఇంటికి పోయి తాను చేయదలచినదే చేయును. అధికారి తన పుస్తకమున ‘అవగాహన కల్పింపబడినది’ అని వ్రాసికొనును. ఇరువురును సంతుష్టులే. నష్టపోవునది నేల యొకటే.

వాతావరణము మారుచున్న యీ దినములలో గ్రామవాసులగు పెద్దలకు తగిన పాఠశాల నాటకశాలయే యని మా మతము. నాటకశాల యనగా పట్టణములలోని తెరలును దీపములును గల భవనము గాదు. ఊరి నడుమ గుడి ముందఱ, జనము చాపలు పఱచుకొని తెల్లవారువఱకు కూర్చుండు వీధినాటకపు బయలు. ఈ మాటను పరిహసించువారు రెండు తెగలవారు గలరు. నాటకము పామరుల కాలక్షేపమని త్రోసివేయువా రొకరు. నాటకమును కరపత్రమునకు బదులుగా వాడుకొని పని యైనదనుకొనువా రింకొకరు. మొదటివారికంటె రెండవవారివలన కీడు మెండు. ఇరువురకును సమాధానము చెప్పుటకే యీ వ్యాసము.

మా మాట గాలిలో తేలిపోకుండుటకై యొక ప్రదేశమును దృష్టియందుంచుకొందము. తిరుపతినుండి శ్రీకాళహస్తికి పోవు త్రోవలో ఏర్పేడు గలదు. చంద్రగిరి ప్రాంతపు కొండలలో బుట్టి, తిరుపతి ప్రక్కగా వచ్చి, శ్రీకాళహస్తి నానుకొని ప్రవహించి బంగాళాఖాతమున గలియు స్వర్ణముఖి యీ సీమకు తల్లి. సంవత్సరమున పెక్కు దినము లామె కనబడునది ఇసుకగనే; తడి యా యిసుక క్రింద దాగియుండును. ఇచట నైరృతి వానలకంటె ఈశాన్యపు వానల నమ్ముకొన్న చెఱువులే హెచ్చు. కార్తికమునకు చెఱువు నిండిన యేడు వరి. నిండని యేడు వలస.

ఇటీవలి చరిత్రమును చూడుడు. 2015 నవంబరులో చిత్తూరు, నెల్లూరు జిల్లాలలో కుండపోతగా వానలు గురిసినవి. 2018లో ఈశాన్య ఋతుపవనము ముఖము చాటువేసి రాయలసీమను కఱవు పాలు చేసినది. 2021 నవంబరు 18, 19 తేదీలలో తిరుపతి వీధులు కాలువలైనవి. స్వర్ణముఖి పొంగి పొరలినది. పొరుగున కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య ఆనకట్ట కొట్టుకొనిపోయి యెందఱో ప్రాణములు గోల్పోయిరి. ఆ దినములలోనే రామచంద్రాపురము మండలములోని రాయలచెఱువు కట్టకు గండి పడునను భయముతో దిగువ గ్రామములవారు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను మఱల నీ సీమను తడిపి ముద్ద చేసినది. వాన తగ్గినదనుటకు వీలులేదు, హెచ్చినదనుటకును వీలులేదు. వాన తన నడక మార్చుకొన్నది.

దీనికి శాస్త్రజ్ఞులు చెప్పు కారణము సరళమైనది. బొగ్గును నూనెలను మండించుటచే భూమి వేడెక్కినది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధముతో పోల్చిచూడ, 2011–2020 నడుమ భూతలపు సగటు వేడి సుమారు 1.1 డిగ్రీలు హెచ్చియున్నది. ఒక డిగ్రీ వేడెక్కిన గాలి సుమారు 7 శాతము ఎక్కువ ఆవిరిని మోయగలదు. ఎక్కువ మోసిన గాలి కురిసినపుడు ఎక్కువగా కురియును. కురియనపుడు నేలలోని తడిని ఎక్కువగా పీల్చుకొనును. వరదయు కఱవును ఒక్క తల్లి బిడ్డలే. వీరికి తోబుట్టువు ఎండ. 2015 మే నెలలో వీచిన వడగాలికి ఆంధ్రప్రదేశమున వేయిమందికి పైగా మరణించిరి. అట్టి యెండలకు మొదట బలియగునది మేడలలో నుండువారు కారు. కూలికి పోక తప్పనివారును, వృద్ధులును.

ఇంతవఱకు చెప్పినదానిలో గాలి యావిరి లెక్క దక్క తక్కినదంతయు ఏర్పేటి రైతునకు మనకంటె బాగుగ తెలియును. వాన తప్పినదని వానికి చెప్పబోవుట, ఆకలిగొన్నవానికి ఆకలి లక్షణములను వర్ణించుటవంటిది. మఱి వానికి కొఱవడిన దేమి? ఈ ప్రశ్నకు సరియైన సమాధానము దొరకనిదే వయోజన విద్య యొక్క యడుగైనను ముందునకు సాగదు.

బోరుబావి సంగతి తీసికొందము. పొరుగువాని బోరు మూడు వందల అడుగుల వద్ద ఎండినది. వాడు ఐదు వందలకు దింపినాడు. దానితో మనవాని బోరు ఎండినది. మనవాడు భార్య మెడలోని నగ కుదువబెట్టి ఏడు వందలకు దింపును. పాత చిత్తూరు జిల్లా పడమటి భాగమున వేయి అడుగులకు దిగినను దుమ్ము దక్క చుక్క రాని బోరులు కలవు. ఇది యజ్ఞానముచే జరుగుచున్నదా? కాదు. ఏడు వందల అడుగుల వద్దను నీరుండకపోవచ్చునని వానికి తెలియును. కాని యెదుట వాడిపోవుచున్న పైరు గలదు. వడ్డీకి తెచ్చిన యప్పు గలదు. ‘వాని మడి పచ్చగానున్నది, నీ మడి యేమి?’ అను నూరివారి చూపు గలదు. పైగా నేలక్రింది నీరు హద్దురాళ్ల నెఱుగదు. ఒక్కడు తోడుట మానుకొన్నచో ఆ నీటిని పొరుగువాడు తోడుకొనును. మానుకొన్నవాడు మూర్ఖుడని పేరు పడును. అందఱును కలిసి తగ్గించుకొన్ననే అందఱును బ్రతుకుదురు. కావున కొఱవడినది తెలివి గాదు. తెలిసినదానిని నలుగురి నడుమ నోరువిప్పి చెప్పుకొనుటకును, నలుగురును ఒక్క మాటకు వచ్చుటకును తగిన చోటు.

ఆ చోటును ఉపన్యాసము కల్పింపలేదు. ఉపన్యాసమున మాట ఒక్కవైపునుండియే వచ్చును. కరపత్రము కల్పింపలేదు, దానిని ఒంటరిగా చదువుకొందురు, లేదా పొట్లము కట్టుకొందురు. చేతి ఫోను కల్పింపలేదు. రేపు వాన వచ్చునని ఫోను చెప్పుట మేలే. మేము దానిని కాదనుట లేదు. కాని హెచ్చరిక అందుట యొకటి, దానిని నమ్మి ఇల్లు విడిచి కదలుట వేఱొకటి. కదలుట యను పని ఊరంతయు కలిసి అలవాటు చేసికొనవలసినది.

నాటకమున కట్టి శక్తులు మూడు గలవు. మొదటిది, నాటకమున తప్పు చేయుటకు వెల లేదు. నిజముగ బోరు విఫలమైన సంసారము కూలును. రంగస్థలముమీద బోరు విఫలమైన నెవ్వరి పుస్తెయు తాకట్టు పోదు. పిల్లవాడు పలకమీద వ్రాసి చెఱిపి నేర్చుకొనును. పెద్దవానికి చెఱుపుకొనుటకు పలక లేదు. వాని తప్పు పొలముమీద పడును, అప్పుపత్రముమీద పడును. వేదికయే వాని పలక. రెండవది, నాటకము కాలమును కుదించును. ముప్పది యేండ్లుగా జానెడు జానెడు దిగజారిన నీరు కంటి కగపడదు. ఒక్క రాత్రిలో తాత మోటబావిని, తండ్రి ఇంజనుబావిని, కొడుకు లోతైన బోరును వరుసగా చూపినచో ఊరు తన చరిత్రమును తానే చూచుకొనును. మూడవది, నాటకమును అందఱును అందఱి యెదుట చూతురు. నవ్విన వాడెవడు, నవ్వక తలవంచుకొన్న వాడెవడు అను సంగతి ఊరికి తెలియును. సిగ్గును మానమును కదిలింపనిదే మారని పనులు సిగ్గును మానమును ఎఱిగిన కళచేతనే మారవలయును.

ఇక పూర్వపక్షములకు వత్తము. ‘నాటకము వినోదము గదా, దానిని విద్యగా చేయుట కళకును విద్యకును గూడ అన్యాయము’ అని కొందఱందురు. అట్టివారు తెలుగు రంగస్థల చరిత్రమును మఱచినవారు. 1880లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున ప్రదర్శింపజేసిన ‘వ్యవహార ధర్మబోధిని’ దేనినిగూర్చినది? న్యాయస్థానములలోని అక్రమములను గూర్చినది. ఆధునిక తెలుగు నాటకము వేదిక యెక్కిన మొదటి దినముననే సంఘమునకు పాఠము చెప్పినది. 1892లో విజయనగరమున ప్రదర్శింపబడిన గురజాడవారి ‘కన్యాశుల్కము’ను చూచి జనము కడుపుబ్బ నవ్విరి, ఆ నవ్వులో బాలికల నమ్ముకొను దురాచారము సిగ్గుతో తల వంచినది. ఆ నాటకము విద్య యగుటచే కళ కాకపోయెనా? కళ యగుటచే విద్య కాకపోయెనా? మంచి నాటకమునకు ఈ వేర్పాటు లేదు. చెడ్డ నాటకము రెండింటిలో దేనికిని పనికిరాదు.

‘అదియంతయు చదువుకొన్నవారి నాటకము, పల్లెలో నెవరు చూతురు?’ అని మఱియొక పూర్వపక్షము. పల్లె నాటకమును నేర్చుకొనవలసిన యవసరము లేదు. పల్లెయే మనకు నేర్పవలయును. చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ధర్మరాజుల గుడి తిరునాళ్ల నెఱుగనివా రుందురా? పదునెనిమిది దినములు పగలు హరికథగా భారతము నడచును. రాత్రి వీధినాటకముగ అదియే కథ కన్నుల ఎదుట నిలుచును. అర్జునుని వేషధారి పాటలు పాడుచు ఆకాశమంత పొడవగు తపస్సు మాను నెక్కును. బకాసురుని కొఱకు బండి కట్టి ఊరంతయు త్రిప్పుదురు. కడపట మట్టితో చేసిన దుర్యోధనుని భారీ విగ్రహము పరుండియుండగా భీముడు తొడ విఱుచును. ద్రౌపది ముడి కట్టుకొనును. వేలకొలది పెద్దలు తెల్లవారువఱకు కన్నార్పక కూర్చుండు పాఠశాల ఇంతకంటె వేఱొకటి చూపగలరా? అచట హాజరు పట్టీ లేదు; కాని రానివాడును లేడు.

పురాణ కథలో బోరుబావిని జొనుపుట అపచారమని భక్తులు కొందఱు శంకింపవచ్చును. వీధినాటకమును సంపూర్ణముగ చూచినవారి కీ శంక కలుగదు. కథ నడుమ హాస్యగాడు వచ్చి ఊరి సంగతులెత్తి, కరణమును, కాపును, కంట్రాక్టరును మేలమాడుట మనకు పరిపాటియే. ఆ స్వాతంత్ర్యమును పెద్దలు వాని కెన్నడో ఇచ్చియున్నారు. అర్జునుడు వరము కొఱకు ఆకాశమువైపు మాను నెక్కుచుండగా, హాస్యగాడు నీరు కొఱకు పాతాళమువైపు గొట్టము దింపుచున్నచో చూచువానికి వ్యాఖ్యానము చెప్పవలసినపని లేదు. అర్జునుని తపస్సునకు నియమము గలదు. మన తోడుటకు నియమ మేది యని ప్రేక్షకుడే తన్ను తా నడుగుకొనును. కథ చెడలేదు. కథ మనయింటికి వచ్చినది.

ఇది మా యూహ మాత్రమే కాదు. జరిగిన సంగతులు గలవు. 1990వ దశకపు ఆరంభమున ఈ జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యతోద్యమము ‘అక్షర తపస్మాన్’ అను పేరుతో నడచినది. ఆ పేరు వినగానే యీ సీమవారికి తలపునకు వచ్చునది భారతపు తపస్సు మానే. వయోజనుల చదువును పండితుల పేరుతో గాక, ఊరి నాటకపు పేరుతో పిలుచుటయందలి తెలివిని మేము కొనియాడుచున్నాము. పొరుగు జిల్లాయగు నెల్లూరులో 1991లో ఆరంభమైన అక్షరాస్యతోద్యమము కళాజాతలతో ఊరూర తిరిగినది. చదువు నేర్చిన స్త్రీలు తమ వాచకములోని సీతమ్మ కథను చదివి, అది తమ కథయే యని గుర్తించిరి. దూబగుంటలో సారాయంగడికి వ్యతిరేకముగ లేచిన మాట 1992లో జిల్లాయంతట ప్రాకెను. 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారాయి నిషేధింపబడెను. అక్షరములు నేర్ప వచ్చిన పాట, ప్రభుత్వపు రాబడినే కదిలించినది. పాటకు పని చేయు శక్తి లేదనువారు దీనికేమి సమాధానము చెప్పుదురు?

కేరళమున శాస్త్ర సాహిత్య పరిషత్తువారు 1980 మొదలు శాస్త్ర కళాజాతలను నడిపి, విజ్ఞానమును వీధిలోనికి దెచ్చిరి. మన రాష్ట్రమున నీటినిగూర్చియు గొప్ప ప్రయత్న మొకటి జరిగినది. 2003 మొదలు కొన్ని యేండ్లపాటు చిత్తూరు, అనంతపురము, కర్నూలు, కడప మున్నగు ఏడు జిల్లాలలో, ఆరు వందలకు పైగా గ్రామములలో, రైతులే భూగర్భజలమును చూచుకొను పథకము నడచినది. రైతులు తామే వానను కొలిచిరి. బావిలోని నీటిమట్టమును కొలిచిరి. రబీ పంటకు ముందు కూర్చుండి, ఊరి నేలక్రింద నెంత నీరు గలదు, ఏ పంటకెంత గావలయును అని లెక్క కట్టి అందఱికి వెల్లడించిరి. ఎవ్వరిని నిర్బంధింపలేదు, ఎవ్వరికిని బహుమతు లీయలేదు. లెక్క తమ చేతిదగుటచే వరిని తగ్గించి మెట్టపంటలకు మరలినవారు పెక్కురు. ఈ పథకమునుండి మనము గ్రహింపవలసినది యొకటి: పెద్దవాడు ఇతరుల యంకెను నమ్మడు, తాను కొలిచిన యంకెను నమ్మును. ఆ యంకెకు వేషము గట్టి వేదిక యెక్కించిన చాలును. దానికి మించిన కథానాయకుడు లేడు.

ఇక రెండవ తెగవారితో మా కలహము. నాటకమును నమ్మినట్లు నటించి దానిని చంపువారు వీరు. నలుగురు యువకులకు ఒకే రంగు చొక్కాలు తొడిగి, ఒక డప్పు చేతికిచ్చి, దినమునకు నాలుగు ఊళ్లు తిరుగుడని పంపుదురు. ఇరువది నిమిషముల యాట. అందులో రైతు ఎప్పుడును మూర్ఖుడు, అధికారి ఎప్పుడును జ్ఞాని. రైతు చెట్టు నఱకును, నీరు వృథా చేయును, అధికారి వచ్చి బుద్ధి చెప్పును, రైతు చెంపలు వేసికొనును, అందఱును కలిసి ‘చెట్లు నాటుడు’ అని పాడుదురు, ఛాయాచిత్రము తీయబడును, బండి కదలును. ఇది నాటకము కాదు, కాళ్లు వచ్చిన కరపత్రము. ఏర్పేటిలో ఆడిన యాటనే ఏలూరులోను ఆడవచ్చును. ఎచటనైన ఆడదగినది యెచటను పాఠము కానేరదు. ఇట్టి యాటలు చూచి చూచి జనము నాటకమున్నే రోసినచో ఆ పాపము వీరిదే.

నిజమైన నాటకమునకు పరీక్ష యొక్కటి చాలును. ప్రేక్షకులలో నొక్కడైన లేచి ‘అట్లు కాదు, నేనైన నిట్లు చేయుదును’ అని యనగలిగెనా లేదా? బ్రెజిల్ దేశీయుడగు ఆగస్టో బోల్ ఈ ప్రశ్ననే తన కళకు పునాది చేసికొనెను. ఆయన పద్ధతిలో, కష్టములో నున్నవాని కథ నొకమారు ఆడి చూపుదురు. రెండవమారు ఆడునపుడు చూచువారిలో నెవడైన ‘ఆగుడు’ అని కేక వేసి, తానే వేదిక యెక్కి, ఆ పాత్రను తన బుద్ధిచొప్పున నడిపింపవచ్చును. వాని యుపాయము ఫలించునో లేదో ఊరంతయు చూచును. మఱియొకడు వచ్చి వేఱుగ ప్రయత్నించును. వంగదేశమున 1985లో స్థాపింపబడిన జనసంస్కృతి యను సంస్థ ఈ పద్ధతిని పల్లెలలో నాటినది. మన యూళ్లకిది క్రొత్త కాదు. వీధినాటకపు టాటగానికి ప్రేక్షకుల మధ్యనుండి బదులు వచ్చుట మన మెఱుగనిదా?

ఇట్టి యాటకు ఏర్పేటి చుట్టుప్రక్కల వస్తువు కొఱతయా? ఒక రాత్రి చెఱువు కథ ఆడుడు: నడిరేయి కట్ట ఊటలు వేయుచున్నది, తూము తలుపు తుప్పుపట్టినది, దిగువ యూరికి కబురు పంపవలయునా, పంపిన నవ్వుదురా? ముసలితల్లి ఇల్లు విడువనన్నది; గొడ్ల నెవరు విప్పవలయును? ఈ ప్రశ్నలకు వేదికమీద ఒకమారు బదులు చెప్పిన యూరు, నిజముగ నీరు వచ్చిన రాత్రి తడబడదు. ఒక రాత్రి విత్తనము కథ ఆడుడు: వేరుసెనగ వేయుటయా, జొన్న కొఱ్ఱలవైపు మరలుటయా, కొఱ్ఱ వేసిన కొనువా డెవడు? ఒక రాత్రి ఎండ కథ ఆడుడు: పని వేళలు మార్చుమని కూలి స్త్రీ మేస్త్రి నడుగుచున్నది, మేస్త్రి యేమనును?

మఱియొక రాత్రి ఇసుక కథ నాడవలయును. దీనిని తప్పించుకొని పోవు నాటకము పిఱికి నాటకము. స్వర్ణముఖి యిసుక వట్టి యిసుక కాదు. అది వరదనీటిని మ్రింగి బావులకు దాచియిచ్చు తొట్టి. తొట్టి నెత్తుకొనిపోయిన పిదప ‘నీటిని పొదుపు చేయుడు’ అని రైతునకు పాడి వినిపించుట పరిహాసము. 2017 ఏప్రిల్ 21వ తేదీన, ఇసుక త్రవ్వకమునుగూర్చి మొఱపెట్టుకొనుటకు ఏర్పేడు పోలీసు స్టేషను కడకు వచ్చి నిలుచున్న మునగలపాలెము రైతుల మీదికి లారీ యొకటి దూసికొనివచ్చి పదిమందికి పైగా ప్రాణములు తీసినది. ఆ దుర్ఘటనకు బాధ్యు లెవ్వరని తీర్పు చెప్పుట మా పని గాదు. ఆ రైతు లెందులకు వచ్చిరో మఱచిపోకుండుట మాత్రము మన పని. ఏటి నీటిని కాపాడుకొనుట యనగానేమో వారికి ఏ యుపన్యాసకుడును చెప్పలేదు. వారే యెఱిగి, పని మానుకొని, వచ్చి నిలిచిరి. ఏకచక్రపురమువారు వంతులు వేసికొని రాక్షసుని మేపిన కథను ఏటేట ఆడు సీమయందు, ఏటిని బండ్లకెత్తి పంపు కథను ఆడుటకు ధైర్యము లేకుండునా?

ఇచట మా వాదమున ముఖ్యమగు సంగతి యొకటి గలదు. ‘మారిన కాలమునకు తగినట్లు మిమ్ము మీరు సవరించుకొనుడు’ అని బీదవానికి చెప్పుట మిక్కిలి సులభము. భూమిని వేడెక్కించిన పొగలో ఏర్పేటి కూలివాని పాలెంత? వాడు బ్రతుకంతయు సవరించుకొనుచునే యున్నాడు. సవరించుకొని సవరించుకొని బెంగుళూరు, చెన్నపట్టణముల కట్టడముల కడకు చేరినాడు. కావున వాని డొక్క నింకను బిగించుకొమ్మని నేర్పు నాటకము విద్య కాదు, వంచన. వాడు చేయదగిన దేది, ఊరు కలిసి చేయదగిన దేది, ప్రభుత్వము నడిగి తెచ్చుకొనదగిన దేది అను మూడింటిని విడదీసి చూపునదే విద్య. బోరు లోతు ఊరి చేతిలోనిది. చెఱువు పూడికయు, తూము తలుపును, వరద హెచ్చరికయు, పంట బీమాయు అడిగి తెచ్చుకొనవలసినవి. రెండింటిని కలిపి కలగాపులగము చేయువాడు ఎవరి పక్షమున నున్నాడో పాఠకులే యూహింతురు.

స్త్రీలమాట చెప్పనిదే యీ వ్యాసము ముగియదు. నీరు దూరమైన కొలది నడక పెరుగునది ఆమెకే. నగ కుదువపెట్టుటకు ఇచ్చునది ఆమెయే. బోరు వేయునపుడు మాత్ర మామె మాట యడుగువారు లేరు. వీధినాటకమున ద్రౌపది వేషమును సైతము పురుషుడే వేయుట పరిపాటి. ఈ పరిపాటి మారవలయునని మేము నొక్కి చెప్పుచున్నాము. నెల్లూరిలో మాట కదిలినది పురుషులచే కాదు గదా! నీటి నాటకమున నీటిని మోయువారు మాటలాడవలయును. పసిబిడ్డల తల్లులు తెల్లవారువఱకు కూర్చుండలేరు గావున, వారికనుకూలమగు వేళ నొక్క ఘట్టమైన నాడవలయును. బోరు వేయుటకు ముందు భార్య ‘వద్దు’ అను నొక్క ఘట్టమును ఊరి యాడవారిచే రచింపజేసి యాడింపుడు. వందమంది యధికారులు చెప్పలేని పాఠ మందులో గలదు.

పాఠక మహాశయులారా, పాఠకురాండ్రారా! ఈ పనికి గొప్ప ధనము గావలయునని మేమనుట లేదు. ధర్మరాజుల తిరునాళ్లు పెక్కు ఊళ్లలో వేసవియందే జరుగును. విత్తనము కొనుటకును, అప్పు చేయుటకును, బోరు వేయుటకును రైతు తన మనసున నిర్ణయము చేసికొను దినములు సరిగ అవియే. ఉత్సవమునకు చందా యిచ్చు గృహస్థులు, దీపములకును బాణసంచాకును పోయు ధనములో కొంత తగ్గించి, పదునెనిమిది రాత్రులలో రెండు రాత్రులు ఊరి నీటికథకు కేటాయింపుడని పెద్దల నడుగవలయును. వయసు మీఱి వేషము వేయక మూలబడిన ఆటగాండ్రను పిలిచి గౌరవింపవలయును; పాట వారిది, దరువు వారిది, సంగతి మాత్రము ఊరిది కావలయును. ప్రతి యూర నొక వాన కొలత పాత్రయు, ఒక పుస్తకమును ఉంచి, చదువుకొన్న బిడ్డలచే దినదినము వ్రాయింపవలయును. ఆ పుస్తకమే మఱుసటి యేటి నాటకమునకు ఇతివృత్తము.

ఏర్పేడు మండలముననే 2015లో స్థాపింపబడిన రెండు జాతీయ విద్యాసంస్థలు, తిరుపతి ఐ.ఐ.టి.యు, ఐసరును, విశాలమగు ప్రాంగణములతో వెలసియున్నవి. ఆకాశమును భూమిని కొలువగల విద్యార్థులు అచట గలరు. వారు పల్లెకు గురువులుగా గాక మొదట ప్రేక్షకులుగా రావలయునని మా కోరిక. ఒక రాత్రి చాపమీద కూర్చుండి, హాస్యగాడు వానను, బోరును, అప్పును ఎట్లు ముడివేసి నవ్వించుచున్నాడో చూచినచో, తమ లెక్కలకు ఏ భాష గావలయునో వారికే తెలియును. రైతునకును వారి లెక్క యక్కఱయే. వాన రాకడను, నేలక్రింది నీటి నడకను వారు చెప్పగలరు. చెప్పినదానిని ఊరు తనదిగా చేసికొనుటకు వేదిక గావలయును.

వాన ఇక మన తాతల పంచాంగమును విని రాదు. అది వచ్చినపుడు కట్ట నిలుచునో తెగునో, రానపుడు ఊరు నిలుచునో వలస పోవునో, కట్ట బలముతోపాటు ఊరి యైకమత్యముమీదను ఆధారపడియుండును. ఐకమత్యమును ఉత్తర్వులచే పుట్టింపలేము. అది కలిసి కూర్చుండి, కలిసి నవ్వి, కలిసి కన్నీరు పెట్టుకొన్న జనమునందు పుట్టును. అట్టి కూటమిని మన పెద్దలు ఏటేట పదునెనిమిది రాత్రులు సమకూర్చి యిచ్చియున్నారు. దానిని వట్టి వేడుకగా పోగొట్టుకొనుట విద్యావంతులకు తగదు. వచ్చు తిరునాళ్లకు మీ యూరి గుడి ముందఱ దివిటీ వెలిగించునపుడు, మీ చెఱువు పేరు, మీ యేటి పేరు ఆ వెలుగున వినబడునట్లు చేయుడు.